జినాన్ హెడ్‌లైట్ బల్బును ఇంటి దగ్గర మార్చుకొనే విధానం

పాల సంఘాల సభ్యులు మమ్మల్ని అడిగే ప్రశ్నలు సాధారణంగా పచ్చిమేత గురించి, వెన్న శాతం గురించి, దూడలకు పట్టే నట్టల మందు గురించి వుంటాయి. అటువంటిది ఇటీవల ఒక సంఘం సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదవడం పూర్తయి అందరూ టీ తాగుతూ వుండగా ఒక సభ్యుడు లేచి, "అయ్యా, మా కారు ముందు దీపం ఒకటి వెలిగి ఆరిపోతున్నది. టౌనులో చూపిస్తే దీపం మొత్తం మార్చాలన్నారు. మీరేమంటారు?" అని అడిగారు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాము. గాని విషయం పూర్తిగా విన్న తరువాత అది నవ్వవలసిన విషయం కాదని తెలిసింది.

ఆ సభ్యుడు నాలుగేళ్ళ క్రితం సెకండ్‌హ్యాండులో ఒక పెద్ద విదేశీ కంపెనీ కారు కొన్నారు. పెళ్ళిళ్ళకు, ఆసుపత్రికి పోను, మిగతా రోజుల్లో అది చేసే పని ఒకటే. తెల్లవారుజామున నాలుగున్నరకు డిక్కీలో రెండు క్యాన్లు పెట్టుకొని తోట దగ్గర నుంచి పాల కేంద్రానికి రావడం. దారిలో చెరువుకట్ట వున్నది. ఒక దీపం ఆరిన కారు ఎదురుగా వచ్చేవాడికి కారులాగా కనిపించదు. మోటారు సైకిలు వస్తున్నదనుకొని అతడు ఆ మేరకే దారి వదులుతాడు. కట్ట మీద అటువంటి పొరపాటు జరిగితే ఒకరు నీళ్ళలోకి, ఒకరు ఆయకట్టులోకి పోవలసిందే. ఆ సభ్యుడి భయం అదీ. దీపం మొత్తం మార్చాలంటే ఆయన చెప్పిన అంచనా రెండు పక్షాల పాల బిల్లుకు పైగా వున్నది.

మేము మరుసటి ఆదివారం వారి ఇంటికి వెళ్ళాము. దీపం మార్చనక్కరలేకపోయింది. బల్బు మార్చితే సరిపోయింది. ఆ పని ఎలా చేశామో, ఎక్కడ జాగ్రత్తపడ్డామో, ఎక్కడ పొరపాటు చేశామో ఇక్కడ రాస్తున్నాము. ఎందుకంటే ఇటువంటి కార్లు ఇప్పుడు పాతబడి పల్లెలకు వస్తున్నాయి.

ముందుగా జినాన్ దీపం అంటే ఏమిటో తెలుసుకోవాలి. మన వ్యాన్లకు, ట్రాక్టర్లకు, మోటారు సైకిళ్ళకు వుండే మామూలు హాలోజన్ బల్బులో సన్నని తీగ వుంటుంది. బ్యాటరీ కరెంటు ఆ తీగలో నుంచి పోతే అది కాలి వెలుగు ఇస్తుంది. జినాన్ బల్బులో తీగ వుండదు. చిక్కుడుగింజంత గాజు బుడగలో రెండు లోహపు మొనలు సుమారు 4 మిల్లీమీటర్ల దూరంలో ఎదురెదురుగా వుంటాయి. చుట్టూ జినాన్ అనే వాయువు, కొన్ని లోహ లవణాలు ఎక్కువ పీడనంలో నింపి వుంటాయి. ఆ రెండు మొనల మధ్య చిన్న మెరుపు నిలబడి వుంటుంది. ఆ మెరుపే వెలుగు.

ట్యూబులైటు సంగతి అందరికీ తెలుసు గదా! దానికి స్టార్టరు, చోకు ఎలా వుంటాయో దీనికీ అలాగే రెండు భాగాలు వున్నాయి. ఇగ్నైటరు అనేది మెరుపును మొదట రగిలిస్తుంది. బలాస్టు అనేది తరువాత దానిని అదుపులో వుంచుతుంది. రగిలించే క్షణంలో మొనల మధ్యకు పోయే ఒత్తిడి 20,000 వోల్టులు దాటుతుంది. కారులో వున్నది 12 వోల్టుల బ్యాటరీయే గదా, ఏమి చేస్తుందిలే అనుకోవడం చాలా ప్రమాదం. ఒకసారి రగిలిన తరువాత 85 వోల్టులతో, మరికొన్ని రకాలలో 42 వోల్టులతో బల్బు నడుస్తుంది. అప్పుడు కూడా చేయి పెట్టదగినది కాదు.

జినాన్ వాయువును ఎందుకు నింపారో కూడా చెప్పుకోవాలి. వీధిలోని పాత మెర్క్యురీ దీపం, సోడియం దీపం పూర్తి వెలుగుకు రావడానికి కొన్ని నిమిషాలు పట్టడం మనం చూసినదే. కారు దీపం అలా వుంటే ఎలా? జినాన్ వాయువు వున్నందువల్ల మీట నొక్కగానే వెలుగు వస్తుంది, కొద్ది సెకన్లలో నిండుతుంది. మొదటి క్షణాల్లో ఈ దీపం కొంచెం నీలంగా వుండి తరువాత తెల్లబడడానికి కారణం లోపలి లవణాలు వేడెక్కి ఆవిరి కావడమే.

ఈ దీపాలు మొట్టమొదట 1991లో జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. 7 సిరీస్ కారుకు వచ్చాయి. 35 వాట్లకే సుమారు 3,200 ల్యూమెన్ల వెలుగు ఇస్తాయి. మన వ్యాను హెచ్4 బల్బు డిమ్ములో 55 వాట్లు తిని ఇచ్చే వెలుగు సుమారు 1,000 ల్యూమెన్లు. అందువల్ల ఖరీదైన కార్లలో వీటిని విరివిగా వాడారు. తరువాత ఎల్.ఇ.డి. దీపాలు వచ్చి కొత్త కార్లలో వీటి స్థానాన్ని ఆక్రమించాయి. అందువల్లనే ఇప్పుడు జినాన్ దీపం వున్న కారు అంటే చాలావరకు పాత కారు అని అర్థం. పాత కారు అంటే బల్బు ఆయువు తీరే దశలో వున్న కారు.

ఈ బల్బు సుమారు 2,000 గంటలు, మంచిదైతే అంతకు పైన వెలుగుతుంది. రోజుకు గంట చొప్పున లెక్కవేస్తే ఐదేళ్ళు దాటుతుంది. అయితే ప్రతి రగిలింపుకు మొనలు కొంచెం అరుగుతాయి. కాబట్టి అయినదానికీ కానిదానికీ దీపం ఆర్పి వేసేవారి బల్బు త్వరగా పోతుంది. ఎదుటి వాహనానికి డిమ్ము కొట్టినందువల్ల పోతుందని మాత్రం భయపడవద్దు. డిమ్ము, ఫుల్లు రెండూ ఒకే బల్బుతో ఇచ్చే కార్లలో బల్బు ఆరదు, దాని ముందు చిన్న రేకు లేచి దిగుతుంది, అంతే.

బల్బు పాడవుతున్నదని ముందే తెలుస్తుంది. హాలోజన్ తీగ ఒక్కసారిగా తెగిపోతుంది. జినాన్ అలా కాదు, కొంతకాలం సైగ చేసి మరీ పోతుంది. వెలుగు తెలుపు మారి గులాబీ రంగుకో, వంగపండు రంగుకో తిరుగుతుంది. రెండు దీపాల రంగు ఒకటిగా వుండదు. కొంతదూరం పోయాక ఒకటి ఆరిపోతుంది, ఆర్పి మళ్ళీ వేస్తే వెలుగుతుంది. మొనలు అరిగిన బల్బును నిలబెట్టడానికి ఎక్కువ ఒత్తిడి కావాలి. అది తన హద్దు దాటినప్పుడు బలాస్టు కరెంటు ఆపివేస్తుంది. మన సభ్యుడి కారుకు జరిగినది సరిగ్గా ఇదే. కుడి దీపం చెరువుకట్ట దాకా వెలిగి అక్కడ ఆరేది. కట్టకు ఏదో గాలి సోకిందని ఇంట్లో పెద్దావిడ అన్నారట. ఇంటి నుంచి కట్టకు పది నిమిషాల దారి. పది నిమిషాలకు ఆరుతున్నదని మాకు అర్థమైంది.

అయినా బల్బే పాడైందని తేల్చుకోకుండా కొత్తది కొనరాదు. బలాస్టు పాడైనా, ఇగ్నైటరు పాడైనా, వైరు పట్టు వదిలినా, ఫ్యూజు పోయినా దీపం వెలగదు. తేల్చుకునేందుకు మంచి ఉపాయం ఒకటి వున్నది. ఎడమ బల్బును కుడికి, కుడి బల్బును ఎడమకు మార్చాలి. జబ్బు బల్బుతోపాటు అటు నుంచి ఇటు వస్తే బల్బు మార్చాలి. జబ్బు వున్న చోటనే వుంటే బల్బు మంచిదే, దోషం ఆ పక్క బలాస్టులోనో వైర్లలోనో వున్నది. ఆ పని మనది కాదు, తెలిసిన ఎలక్ట్రీషియనుకు చూపించాలి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. టౌనులో దీపం మొత్తం మార్చమన్నవారు ఈ పరీక్ష చేసినట్లు మాకు కనిపించలేదు.

ఇక బల్బు కొనడం. జినాన్ బల్బుల మీద డి1ఎస్, డి2ఎస్, డి3ఎస్, డి4ఎస్ అని గుర్తులు వుంటాయి. చూడడానికి అన్నీ అన్నదమ్ములలా వుంటాయి గాని ఒకదాని బదులు ఒకటి పనికిరాదు. డి1, డి3 రకాలకు బల్బు మొదట్లోనే చిన్న లోహపు పెట్టె అతికి వుంటుంది, అదే ఇగ్నైటరు. డి2, డి4 రకాలలో ఇగ్నైటరు విడిగా వుంటుంది. డి1, డి2 రకాలు 85 వోల్టులవి, వాటిలో కొద్దిగా పాదరసం వుంటుంది. డి3, డి4 రకాలు 42 వోల్టులవి, పాదరసం లేనివి. చివరి అక్షరం ఎస్ అయితే ముందు గుండ్రని కటకం వున్న దీపానికి. ఆర్ అయితే కటకం లేకుండా అద్దపు గిన్నె మాత్రమే వున్న దీపానికి. ఆర్ రకం గాజు మీద వెలుగు పక్కలకు పోకుండా నల్లని పట్టీ వేసి వుంటుంది. మీ కారు పుస్తకంలో ఏది రాసి వుంటే అది, పుస్తకం లేకపోతే పాత బల్బు మొదట్లో ఏది ముద్రించి వుంటే అది తీసుకోవాలి. పొరపాటు రకాన్ని దుకాణదారు ఇచ్చినా, "కొంచెం నొక్కితే కూర్చుంటుంది" అని చెప్పినా వినవద్దు.

రెండు బల్బులూ ఒకేసారి మార్చడం మంచిది. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే వెలుగులోను రంగులోను తేడా వస్తుంది. పైగా ఒకటి పోయిందంటే రెండవది కూడా అదే వయసుది గదా. ఈ బల్బులలో నకిలీ సరుకు కూడా వున్నది. బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనాలి.

పని మొదలుపెట్టే ముందు ఒక మాట నిజాయితీగా చెప్పాలి. చాలా కార్ల పుస్తకాలలో జినాన్ బల్బును వర్క్‌షాపులోనే మార్పించుకోవాలని రాసి వుంటుంది. అది వ్యాపారం కోసం మాత్రమే రాసినది కాదు. 20,000 వోల్టుల సంగతి పైన చెప్పాము. కొన్ని కార్లలో బల్బు దగ్గరకు చేయి పోవాలంటే బ్యాటరీ పెట్టె తీయాలి. కొన్నింటిలో ముందు చక్రం పక్కన వున్న ప్లాస్టిక్ తొడుగు విప్పాలి, మరికొన్నింటిలో దీపం మొత్తం బయటికి లాగాలి. మీ కారు ఆ చివరి రకానిదైతే, లేక స్పానరు పట్టడం మీకు అలవాటు లేకపోతే, వర్క్‌షాపుకే వెళ్ళండి. బానెట్ ఎత్తగానే దీపం వెనుక మూత కనిపించి చేయి సుఖంగా పోయే కార్లకే ఈ వ్యాసం.

పగటిపూట, చదునైన నేల మీద కారు ఆపాలి. గడ్డివామి పక్కన, గొడ్లచావడి ముందు వద్దు. కారణం తరువాత చెబుతాము. దీపాలు ఆర్పాలి, ఇంజను ఆపాలి, తాళంచెవి తీసి జేబులో కాదు, ఇంట్లో పెట్టాలి. మనం పని చేస్తూ వుండగా పిల్లవాడు ఎక్కి మీట నొక్కే ప్రమాదం ఇంటి దగ్గర చేసే పనిలోనే ఎక్కువ. దీపం వెలిగి వుంటే కనీసం అరగంట చల్లారనివ్వాలి. తరువాత 10వ నంబరు స్పానరుతో బ్యాటరీ మైనస్ వైరు విప్పి, బ్యాటరీకి తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు పెట్టాలి. బ్యాటరీ విప్పితే కొన్ని కార్లలో రేడియో కోడు అడుగుతుంది, గడియారం మొదటికి వస్తుంది. కోడు కాగితం వున్నదో లేదో ముందే చూసుకోవాలి. వైరు విప్పిన తరువాత కూడా బలాస్టులో మిగిలిన కరెంటు పోవడానికి మరి ఐదు పది నిమిషాలు ఆగాలి. ఆ సమయంలో చేతులు కడుక్కోవచ్చు.

చేతులు కడుక్కోవడం అని మేము మాటవరసకు అనలేదు. పాలు పితికేవారి చేతులకు వెన్నో ఆముదమో అంటి వుండడం సహజం. ఎంత తుడిచినా జిడ్డు పోదు. ఆ వేలితో బల్బు గాజును ముట్టుకుంటే అక్కడ మరక పడుతుంది. బల్బు వెలిగినప్పుడు గాజు విపరీతమైన వేడికి వస్తుంది, జిడ్డు వున్న చోట వేడి సమంగా పాకక గాజు పాడవుతుంది, పగలవచ్చు కూడా. సబ్బుతో కడుక్కొని, పొడిగా తుడుచుకొని, శుభ్రమైన నూలు చేతి తొడుగులు వేసుకోవాలి. కళ్ళకు అద్దాలు పెట్టుకోవాలి. లోపల వాయువు పీడనంలో వున్నది కనుక బల్బు జారి పడితే గాజు ముక్కలు ఎగురుతాయి.

దీపం వెనుక గుండ్రని మూత వుంటుంది. దానిని తిప్పితే గాని, క్లిప్పు ఎత్తితే గాని వస్తుంది. మూత చుట్టూ వున్న రబ్బరు వాచరు ఎలా కూర్చున్నదో గమనించాలి. సెల్‌ఫోనుతో ఒక ఫోటో తీసుకుంటే మంచిది. లోపల డి1, డి3 రకమైతే బల్బు పెట్టెకు చిన్న ప్లగ్గు తగిలించి వుంటుంది. దాని నాలుక నొక్కి లాగాలి. వైరు పట్టుకొని లాగరాదు. డి2, డి4 రకమైతే బల్బు వెనుక వున్న ఇగ్నైటరు టోపీని గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా కొద్దిగా తిప్పితే వూడివస్తుంది. తరువాత బల్బును పట్టి వుంచే తీగ క్లిప్పు గాని, తిప్పే రింగు గాని వుంటుంది. క్లిప్పును నొక్కి పక్కకు తప్పించాలి. బల్బు అడుగున వున్న గాడి ఏ వైపు వున్నదో చూసి, తిన్నగా వెనక్కు తీయాలి. పక్కలకు వూపితే దీపం లోపలి భాగాలకు తగిలి గాజు విరుగుతుంది.

కొత్త బల్బును పెట్టెలోంచి తీసేటప్పుడు మొదలు పట్టుకొని తీయాలి, గాజును ముట్టరాదు. పొరపాటున ముట్టుకుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. ఇది మందుల షాపులలో దొరుకుతుంది. గాడి సరిచూసుకొని బల్బును తిన్నగా లోపలికి పంపితే, బలవంతం లేకుండా కూర్చోవాలి. కూర్చోకపోతే గాడి తప్పిందని గాని, బల్బు వేరే రకమని గాని అర్థం. క్లిప్పు వేసి, ప్లగ్గు చప్పుడు వచ్చేవరకు నొక్కి, మూత పెట్టాలి.

మేము పొరపాటు చేసిన చోటు ఇక్కడే. కుడి పక్క మూత పెట్టేటప్పుడు రబ్బరు వాచరు ఒక మూల మడతపడింది. మూత గట్టిగానే బిగిసినట్లు అనిపించి వదిలివేశాము. మూడు వారాల తరువాత ఒక మంచి వాన కురిసింది. మరునాడు దీపం లోపల అద్దం అంతా ఆవిరి పట్టి, అడుగున చెంచాడు నీళ్ళు నిలిచాయి. మళ్ళీ మూత తీసి, రోజంతా ఎండలో ఆరబెట్టి, వాచరు సరిచేసి పెట్టవలసి వచ్చింది. అదృష్టవశాత్తు బలాస్టు తడవలేదు. తడిసి వుంటే బల్బుకంటే ఎక్కువ ఖర్చయ్యేది. మూత పెట్టిన తరువాత చుట్టూ వేలితో తడిమి చూడండి.

బ్యాటరీ వైరు బిగించిన తరువాతనే, మూతలు మూసిన తరువాతనే దీపం వేసి చూడాలి. మూత తీసి వుండగా "వెలుగుతున్నదా లేదా" అని చూడాలనిపిస్తుంది. చూడవద్దు. బల్బును బయట బల్ల మీద పెట్టి వెలిగించి చూడడం అంతకంటే ప్రమాదకరం. ఆ మెరుపు వెలుగును నేరుగా చూసిన కంటికి హాని జరుగుతుంది.

ఇక వెలుగు ఎక్కడ పడుతున్నదన్నది చూడాలి. దీనికి మేము వాడిన సాధనం సుద్దముక్క. పని మొదలుపెట్టక ముందు రోజు సాయంత్రం కారును పాల సంఘం గోడకు ఎదురుగా 5 మీటర్ల దూరంలో నిలిపి, డిమ్ము వేసి, గోడ మీద వెలుగు పై అంచు ఎక్కడ వున్నదో గీత గీశాము. చక్రాలు నిలిచిన చోట నేల మీద కూడా గుర్తులు పెట్టాము. బల్బులు మార్చాక అదే చోట నిలిపి చూస్తే వెలుగు పాత గీత మీదనే పడాలి. పాత గీత సరైనదని నమ్మకం ఏమిటంటారా? దీపం నడిబొడ్డు నేలకు ఎంత ఎత్తులో వున్నదో కొలవండి. చాలా కార్ల దీపాల మీద 1.0 శాతం అని వేసి వుంటుంది. అంటే ప్రతి మీటరు దూరానికి వెలుగు ఒక సెంటీమీటరు దిగాలి. 5 మీటర్ల దూరంలోని గోడ మీద వెలుగు అంచు దీపం ఎత్తుకంటే 5 సెంటీమీటర్లు కిందుగా వుండాలి. దీపం 65 సెంటీమీటర్ల ఎత్తులో వుంటే ఆ వెలుగు 65 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. మన దేశంలో ఎడమ పక్కన నడుస్తాము గనుక వెలుగు అంచు ఎడమ వైపు కొంచెం పైకి లేస్తుంది, అది దోషం కాదు. కాలినడకన పోయేవారు, మైలురాళ్ళు కనిపించడానికి అలా చేశారు.

వెనుక క్యాన్లు ఎక్కిస్తే కారు ముక్కు పైకి లేస్తుంది, వెలుగు కూడా లేస్తుంది. అందుకే జినాన్ దీపాలున్న కార్లకు వెలుగును తనంతట తానే దించుకునే ఏర్పాటు వుంటుంది. 2,000 ల్యూమెన్లు దాటిన దీపానికి ఈ ఏర్పాటు, దానితోపాటు దీపం అద్దాన్ని నీళ్ళతో కడిగే ఏర్పాటు వుండాలని ఐరోపాలో నిబంధన వున్నది. అద్దం మీద బురద పడితే అంత వెలుగూ చెదిరి ఎదుటివారి కళ్ళలో పడుతుందని దాని భావం. మన సభ్యుడి కారులో ఆ నీళ్ళ డబ్బా ఎన్నాళ్ళ నుంచో ఖాళీగా వున్నది. నింపాము.

ఇక్కడ మరొక విషయం రాయక తప్పదు. కొందరు యువకులు మామూలు హెచ్4 బల్బు వుండే వ్యాన్లకు, జీపులకు బజారులో దొరికే జినాన్ కిట్టు కొని తగిలిస్తున్నారు. వెలుగు ఎక్కువ వస్తే మంచిదే గదా అంటారు. హెచ్4 దీపం గిన్నెను ఆ సన్నని తీగ వున్న చోటునుబట్టి, దాని కింద వున్న చిన్న రేకునుబట్టి తయారు చేశారు. అక్కడ మెరుపు పెడితే వెలుగు దారి తప్పి నాలుగు దిక్కులకూ పోతుంది. కిట్టు పెట్టినవాడికి ముందు దగ్గర నేల తెల్లగా మెరిసి, బాగా కనిపిస్తున్నట్లు అనిపిస్తుంది. దూరం కనిపించదు. ఎదుటివాడికి ఏమీ కనిపించదు. నీలిరంగు బల్బులైతే మరీ దండగ, అదే వాట్లకు వచ్చే వెలుగు కూడా తక్కువే. కంపెనీ ఇచ్చిన తీరుకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కూడా తప్పు.

మాఘమాసంలో ఒక తెల్లవారుజామున మాలో ఇద్దరం రూటు తనిఖీకి పోతూ వుండగా అటువంటి వ్యాను ఒకటి ఎదురైంది. మంచు పడుతున్నది. తెల్లని గోడ లేచినట్లయి మాకు రోడ్డు కనిపించలేదు, బండి ఆపివేశాము. వ్యాను పోయాక చూస్తే మాకు పది అడుగుల ముందు రోడ్డు పక్కన ఒక అమ్మ నిలబడి వున్నది. తలమీది క్యాను కింద పడి పాలు మట్టిలో పోతున్నాయి. ఆమె పక్కకు గెంతబట్టి సరిపోయింది. మేము ఆమెను చూడనేలేదు. ఆ పూట పాలు పోయాయని ఆమె బాధపడింది గాని, మాకు చాలాసేపు చేతులు వణికాయి.

వ్యానుకు వెలుగు చాలకపోతే చేయవలసినది వేరే వున్నది. దీపం అద్దం పసుపుపచ్చబడితే పాలిష్ పట్టించాలి, హోల్డరు తుప్పు గీకించాలి, మంచి కంపెనీ 60/55 వాట్ల హెచ్4 బల్బు వేయాలి. 100/90 వాట్లది వేయిస్తే 5 ఆంపియర్లు పోవలసిన వైరులో 8 ఆంపియర్లకు పైగా పోతుంది. హోల్డరు కరుగుతుంది. హెచ్4 మార్చడం ఎవరైనా చేయగల పని. ప్లగ్గు లాగి, రబ్బరు తొడుగు తీసి, తీగ క్లిప్పు తప్పించి, మూడు చెవులలో వెడల్పుది పైకి వచ్చేటట్లు కొత్త బల్బు పెట్టాలి. దీనికి 20,000 వోల్టుల భయం లేదు. గాజు ముట్టకూడదన్న నియమం మాత్రం దీనికీ వున్నది.

గడ్డివామి పక్కన పని చేయవద్దని పైన చెప్పాము. తీగ క్లిప్పు, చిన్న స్క్రూ, గాజు ముక్క గడ్డిలో పడితే దొరకవు. మనకు దొరకనివి ఆవుకు దొరుకుతాయి. పశువు మేతను నమిలి ఏరుకోదు, మింగివేస్తుంది. ఇనుప ముక్క పొట్టలో రెండవ అరలో నిలిచి, గోడను పొడుచుకొని గుండె పొరను తాకుతుంది. మేత మానడం, వీపు వంచి నిలబడడం, మెడ కింద నీరు దిగడం చూసి డాక్టరును పిలిచేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. అందుచేత విప్పిన ప్రతి వస్తువును ఒక స్టీలు పళ్ళెంలో వేసి, మొదట ఎన్నో చివర కూడా అన్నే వున్నాయని లెక్కపెట్టాలి. మా పళ్ళెంలో ఒక స్క్రూ తక్కువైంది. సుమారు ముప్పావు గంట వెదికితే సభ్యుడిగారి చొక్కా జేబులో దొరికింది.

పాత బల్బులను పెంటకుప్ప మీద వేయరాదు. ఆ ఎరువు పొలానికి, మేతమడికి పోతుంది. డి1, డి2 రకాలలో పాదరసం వున్నదని చెప్పాము గదా. కొత్త బల్బు వచ్చిన అట్టపెట్టెలోనే పాతది పెట్టి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకొనే చోటికి పంపాలి. బల్బు ఇంట్లో పగిలితే కిటికీలు తెరిచి, కొంతసేపు బయట వుండి, చీపురుతో కాకుండా తడి కాగితంతో ముక్కలు ఎత్తాలి.

మా సభ్యుడి పాత బల్బులు రెండూ ప్రస్తుతం సంఘం బీరువాలో, ఫ్యాటు పరీక్ష సీసాల పక్కన, పెట్టెలో వున్నాయి. టౌనుకు పోయే పని పడినప్పుడు తీసుకుపోతామని కార్యదర్శిగారు అన్నారు. గోడ మీది సుద్దగీత కూడా అలాగే వున్నది. మొన్న సంఘం భవనానికి సున్నం వేయించినప్పుడు ఆ మేరకు వదిలి వేయించారు. ఇప్పుడు రూటు వ్యాను డ్రైవరు కూడా తన దీపాలను అక్కడే నిలిపి చూసుకుంటున్నాడు. అతని దీపాల ఎత్తు వేరు గనుక పక్కన ఇంకొక గీత గీసుకున్నాడు.